కొప్పును బట్టి బానెట్

పాత ఇంగ్లిష్ నవలల మీద తీసిన ఏ సినిమా చూసినా, ఏ టీవీ సీరియల్ చూసినా ఒక టోపీ కళ్లలో నిలిచిపోతుంది. ముఖం చుట్టూ ముందుకు సాగిన అంచు, వెనక తలను పట్టి ఉంచే గుల్ల, మెడ మీద ఎండ పడకుండా వేలాడే చిన్న తెర, గడ్డం కింద రిబ్బను ముడి. అదే బానెట్. 18వ శతాబ్దం చివరి నుంచి దాదాపు నూరేళ్ల పాటు ఇంగ్లండు, ఫ్రాన్సు, అమెరికా దేశాల్లో ఆడవాళ్లు గడప దాటాలంటే సాధారణంగా తలమీద అది ఉండాల్సిందే. దొరసానికి పట్టుది, పొలం పనికి వెళ్లే మనిషికి నూలుది, మధ్యతరగతి ఇల్లాలికి గోధుమ గడ్డితో అల్లింది.

ఆ టోపీని పాత పద్ధతిలో మళ్లీ కుడుతున్నవాళ్లు ఇవాళ చాలామందే ఉన్నారు. నాటకాలకూ సినిమాలకూ దుస్తులు సిద్ధం చేసేవాళ్లు, మ్యూజియాల కోసం నమూనాలు తయారుచేసేవాళ్లు, ఏటా సెప్టెంబరులో బాత్ నగరంలో జరిగే జేన్ ఆస్టిన్ ఉత్సవానికి ఆ కాలపు దుస్తుల్లో ఊరేగేవాళ్లు వారిలో ఉన్నారు. అమెరికాలో వర్జీనియా రాష్ట్రంలోని కొలోనియల్ విలియమ్స్‌బర్గ్‌లో మార్గరెట్ హంటర్ అనే నాటి వ్యాపారి పేరుతో ఒక దుకాణం ఉంది. అక్కడి మిలినర్లు, అంటే ఆడవాళ్ల టోపీలూ అలంకార సామగ్రీ తయారుచేసేవాళ్లు, సందర్శకుల కళ్లెదుటే 18వ శతాబ్దపు కుట్లు కుడుతుంటారు.

వీళ్ల పనిని శ్రద్ధగా గమనిస్తే ఒక సంగతి స్పష్టమవుతుంది. బానెట్‌ను నిలబెట్టేవి పైన కుట్టిన పూలూ రిబ్బన్లూ కావు, లోపల ఎవరికీ కనబడని చట్రం. ఆ చట్రానికి కొలత ఇచ్చేది ఆ కాలపు కొప్పు. ఈ వరుస పాటించిన చేతిలో మామూలు నూలు గుడ్డ కూడా చరిత్రను మోస్తుంది. వరుస తప్పితే ఎంత ఖరీదైన పట్టు వేసినా అది ఉత్త వేషమే అవుతుంది.

ముందు జుట్టు, తర్వాత టోపీ

కొప్పున్నమ్మ ఏ ముడి వేసినా అందమే అంటాం. బానెట్ విషయంలో మాత్రం ముడి ఎక్కడ వేశారన్నదే అసలు ప్రశ్న. 1770ల్లో ఐరోపా సంపన్న స్త్రీలు తల మీద మెత్తలు పెట్టి, వాటి మీదుగా జుట్టును జానెడు పైకి లేపి దువ్వేవారు. దాని మీద మామూలు టోపీ నిలవదు, నిలిచినా జుట్టు నలిగిపోతుంది. ఆ ఇబ్బందిలోంచి కలాష్ పుట్టింది. పట్టు గుడ్డలో బెత్తం కమ్ములో, తిమింగలం నోట ఉండే బలీన్ పలకలను చీల్చిన పుల్లలో వరుసగా దూర్చి చేసిన ముసుగు అది. అవసరం లేనప్పుడు వెనక్కి ముడుచుకుని మెడ దగ్గర పడి ఉంటుంది. ఎండో వానో వస్తే ముందు అంచుకు కట్టిన రిబ్బను పట్టి లాగితే చాలు, కొప్పును తాకకుండా తల చుట్టూ తెరుచుకుంటుంది.

1830 నాటికి జుట్టును నడినెత్తిన ముడి వేసి, చెంపల పక్కన ఉంగరాలు తిప్పి వదలడం ఫ్యాషన్ అయింది. కాబట్టి బానెట్ గుల్ల నిటారుగా లేచింది. ఉంగరాలు కనబడాలి కనుక అంచు విశాలంగా విచ్చుకుంది. పదేళ్లు తిరిగేసరికి పాపిట మధ్యకు వచ్చింది, జుట్టు చెవుల మీదుగా నున్నగా దిగింది, ముడి మెడ మీదికి జారింది. దాంతో 1840ల బానెట్‌లో గుల్ల, అంచు దాదాపు ఒకే గీతలోకి వచ్చి ముఖాన్ని రెండు పక్కలా దగ్గరగా మూసేశాయి. 1860ల మొదట్లో అంచు నుదుటి పైన ఎత్తుగా లేచి, ఆ ఖాళీని పూలతో నింపుకుంది. 1865 దాటాక కొప్పు మళ్లీ పైకి పాకింది. మెడ మీది తెరకు చోటు లేకుండా పోయింది. బానెట్ నెత్తిన పెట్టుకునే చిన్న ముక్కగా కుంచించుకుపోయింది.

ఈ క్రమం తెలియకుండా కత్తెర పట్టుకుంటే ఫలితం ముందే చెప్పొచ్చు. 1830ల బానెట్‌ను నేటి పోనీటెయిల్ మీద పెడితే గుల్ల బోలుగా ఉండి వెనక్కి వాలిపోతుంది. అందుకే అనుభవమున్న కుట్టుపనివాళ్లు తలను తలలా కొలవరు. ముందుగా ఆ కాలపు జుట్టుముడి వేయించి, దాని మీద ఆనాటి అలవాటు ప్రకారం పలుచని నూలు లోపలి టోపీ పెట్టించి, అప్పుడు టేపు తీస్తారు. ఆ లోపలి టోపీ జుట్టు నూనె, చెమట పట్టుకు అంటకుండా కాపాడుతుంది. బానెట్ జారకుండా పట్టు కూడా ఇస్తుంది.

గోధుమ గడ్డి చరిత్ర

బానెట్లలో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది గడ్డిది. పొలంలో మిగిలిపోయే గడ్డి ఒక దేశపు వ్యాపారాన్నే నిలబెట్టిన కథ అందులో ఉంది. ఇటలీలోని టస్కనీ ప్రాంతంలో, సిన్యా ఊరి చుట్టుపక్కల, 18వ శతాబ్దంలో గింజ కోసం కాకుండా గడ్డి కోసమే గోధుమ పండించడం మొదలైంది. విత్తనాలు ఒత్తుగా చల్లి, గింజ ముదరక ముందే పీకేస్తే కాడ సన్నగా, మెత్తగా, లేత బంగారు రంగులో దొరుకుతుంది. ఆ అల్లిక లివోర్నో రేవు నుంచి ఓడలెక్కేది. ఇంగ్లిష్ వాళ్లు ఆ ఊరిని లెగ్‌హార్న్ అనడంతో గడ్డికీ ఆ పేరే స్థిరపడింది.

నెపోలియన్ యుద్ధాల కాలంలో ఇటలీ సరుకు రావడం కష్టమైంది. ఆ లోటు ఇంగ్లండులోని బెడ్‌ఫర్డ్‌షైర్, హెర్ట్‌ఫర్డ్‌షైర్ పల్లెలకు అవకాశమైంది. లూటన్ పట్టణం టోపీల పట్టణమైపోయింది. ఆ ఊరి ఫుట్‌బాల్ జట్టును అభిమానులు ఇప్పటికీ టోపీలవాళ్లనే పిలుస్తారు.

ఆ పల్లెల్లో పని ఎలా జరిగేదో చూడాలి. వెన్నుకు దిగువన, మొదటి కణుపుకు పైన ఉండే కాడ భాగమే టోపీకి పనికొస్తుంది. దాన్ని కోసి, పొర వలిచి, లావును బట్టి వేరుచేసి, మూసిన పెట్టెలో గంధకం పొగ పెట్టి తెల్లబరుస్తారు. ఇంగ్లిష్ గడ్డి ఇటలీ గడ్డి కంటే లావు, అలాగే అల్లితే మోటుగా ఉంటుంది. 19వ శతాబ్దం ఆరంభానికి దీనికి ఒక చిన్న పనిముట్టు వాడకంలోకి వచ్చింది. మధ్యలో మొన, దాని చుట్టూ రేకుల్లా విచ్చుకున్న పదునైన అంచులు ఉంటాయి. గొట్టంలాంటి కాడలో మొన పెట్టి తోస్తే కాడ నాలుగైదు, కొన్నిసార్లు అంతకంటే ఎక్కువ సమాన పుల్లలుగా చీలుతుంది. వాటిని చిన్న చెక్క రోలర్ల మధ్య నలిపి చదును చేస్తారు.

అల్లేటప్పుడు పుల్లలు పొడిగా ఉంటే పుటుక్కున విరుగుతాయి. అందుకని అల్లే మనిషి గుప్పెడు పుల్లలు పెదవుల మధ్య పట్టుకుని, లాలాజలంతో తడుపుకుంటూ, ఒక్కొక్కటి లాగి అల్లికలో చేర్చేది. గడ్డి అంచులకు పెదవులు, నోటి మూలలు కోసుకుపోయేవి. అలా అల్లిన పట్టీని ఇరవై గజాల లెక్కన చుట్టి సంతలో అమ్మేవారు.

ఆ పట్టీ బానెట్‌గా మారడం మరో విద్య. నడినెత్తిన గుండీ అంత చుట్టతో మొదలుపెట్టి, తడిపిన పట్టీని ఒక వరుస మీద ఇంకో వరుస కొంచెం ఎక్కేలా చుట్టుకుంటూ కుడతారు. పైకి కనిపించే కుట్టు నువ్వుగింజంత, లోపలి కుట్టు పొడుగు. గుల్ల తిరిగే చోట పట్టీని కాస్త బిగించాలి, అంచు విచ్చుకునే చోట వదులు ఇవ్వాలి. బొమ్మ కాగితం మీద లేదు, వేళ్ల బిగువులో ఉంది. కుట్టడం అయ్యాక జిలాటిన్ జిగురులో ముంచి, చెక్క దిమ్మె మీద తొడిగి, ఆరాక ఇస్త్రీ చేస్తే గట్టిపడుతుంది. లెగ్‌హార్న్ రకంలో వరుసలు ఒకదాని మీద ఒకటి ఎక్కవు. అంచుకు అంచు ఆనించి, దారం బయటికి కనబడకుండా లోపలి నుంచే లాగుతారు. దూరానికి అది అతుకులేని ఒకే నేతలా ఉంటుంది.

అమెరికాలోనూ ఈ విద్యకు ఆడవాళ్లే దారి తీశారు. 1798లో రోడ్ ఐలాండ్‌లోని ప్రావిడెన్స్‌లో బెట్సీ మెట్‌కాఫ్ అనే పన్నెండేళ్ల అమ్మాయి, దుకాణంలో చూసిన దిగుమతి బానెట్‌ను గుర్తుపెట్టుకుని, ఇంట్లో గడ్డి చీల్చి, అల్లికను తానే కనిపెట్టి అలాంటిదే కుట్టింది. చుట్టుపక్కల ఆడపిల్లలకూ నేర్పింది. 1809లో కనెటికట్‌కు చెందిన మేరీ కీస్ గడ్డిని పట్టుతో, దారంతో కలిపి నేసే పద్ధతికి పేటెంట్ పొందింది. అమెరికాలో స్త్రీలు పొందిన తొలి పేటెంట్లలో అది ఒకటి. 1821లో అదే రాష్ట్రంలోని వెదర్స్‌ఫీల్డ్‌కు చెందిన సోఫియా వుడ్‌హౌస్ స్థానిక పచ్చిక జాతులతో లెగ్‌హార్న్‌కు దీటైన అల్లిక సాధించింది.

బక్రం, తీగ, దారం

పట్టు బానెట్‌కు పునాది బక్రం. మన టైలర్లు కాలరు లోపల వేసేది కూడా ఆ జాతిదే, కాకపోతే టోపీకి ఇంకా మందంగా, గంజితో బిరుసెక్కిన నేత కావాలి. మొదట దళసరి చార్టు కాగితంతో అంచు, గుల్ల పక్కభాగం, పైబిళ్ల అనే మూడు ముక్కలు కత్తిరించి, టేపుతో అతికి, కొప్పు మీద పెట్టి అద్దంలో నాలుగు వైపులా చూడాలి. మార్పులన్నీ ఇక్కడే జరగాలి. కాగితం మీద వేలెడు తేడా సర్దడం తేలిక, బక్రం కోశాక సర్దలేం.

కోసిన బక్రం అంచును నిలిపి ఉంచేది తీగ. టోపీల కోసం వాడే తీగకు నూలు చుట్టి ఉంటుంది కాబట్టి దారం జారదు. అది చుట్టగా వస్తుంది. ఆ వంపు పోయేదాకా బొటనవేలితో నిమురుతూ సరిచేయాలి. లేకపోతే కుట్టాక టోపీ అంతా తీగ గుర్తుపెట్టుకున్న వంపుకే మెలితిరుగుతుంది. తీగ రెండు కొసలు ఎదురెదురుగా ఆగకూడదు, ఒకదాని మీద ఒకటి రెండు అంగుళాలు ఎక్కాలి. ఆ అతుకు ఎప్పుడూ వెనక వైపే ఉండాలి. తీగను బక్రం అంచుకు ఆనించి, సూది అంచు దాటి తిరిగేలా దగ్గర దగ్గరగా కుడతారు. దాని మీద క్రాసుగా కోసిన మెత్తటి నూలు పట్టీ మడిచి కుట్టి తీగను కప్పేస్తారు.

ఇక్కడితో పట్టు వేసేయాలని చేయి తొందరపడుతుంది. ఆగాలి. బక్రం మీద నేరుగా పట్టు పరిస్తే దాని గళ్లనేత పైకి అచ్చు పడుతుంది. మధ్యలో పలుచని మెత్తటి గుడ్డ ఒక పొర వేస్తేనే పట్టు నునుపుగా కూర్చుంటుంది. ఎవరి కంటా పడని ఈ పొరే మంచి బానెట్‌కూ నాసిరకానికీ తేడా తేలుస్తుంది. తర్వాత అంచుకు పైనా కిందా పట్టు, ఆపై గుల్ల, చివరికి అస్తరు. గుల్లనూ అంచునూ కలిపే కుట్టు అస్తరు కింద దాగుతుంది. మెడ తెర, కట్టుకునే రిబ్బన్లు ఆఖరున వస్తాయి.

బక్రం చట్రంతో పనిలేని రకం కూడా ఉంది, 1840ల్లో బాగా నడిచింది. పట్టు గుడ్డలో అంగుళం దూరంలో వరుసగా గొట్టాలు కుట్టి, అందులో బెత్తం పుల్లలు దూర్చి, గుడ్డను వాటి మీద కుచ్చులుగా దగ్గరికి లాగుతారు. లంగా నేఫాలో బొందు ఎక్కించి లాగడం తెలిసిన చేతికి ఈ పద్ధతి కొత్తేమీ కాదు. ముఖం దగ్గరి పుల్ల అన్నిటికన్నా పొడవు, వెనక్కి వెళ్లేకొద్దీ ఒక్కోటి పొట్టి. ఆ తేడాయే టోపీకి వంపునిస్తుంది. బెత్తాన్ని నీళ్లలో నానబెట్టి వంచితే విరగదు. గుడ్డ తయారు కొలత కంటే రెండింతలు ఉండాలి, పిసినారితనం చేస్తే కుచ్చులు పేలవంగా పడతాయి. బలీన్ బదులు నేటివాళ్లు ప్లాస్టిక్ పుల్లలు, వెడల్పు కేబుల్ టైలు వాడుతున్నారు. తిమింగలాన్ని చంపకుండా అదే బిగువు దొరుకుతున్నప్పుడు ఆ మార్పును నిండు మనసుతో ఒప్పుకోవాలి.

అమెరికా పల్లెల్లో పొలం పనికి పెట్టుకున్న నూలు బానెట్‌లో ఇంకో తెలివి ఉంది. అంచు గొట్టాల్లో అట్ట ముక్కలు దూర్చుతారు. ఉతికేటప్పుడు అట్టలు తీసి పక్కన పెట్టి, గుడ్డ ఆరాక మళ్లీ దూర్చుకుంటారు. మొదటిసారి బానెట్ కుట్టేవాళ్లు దీనితో మొదలుపెడితే మంచిది. ఖర్చు తక్కువ, పాఠం పూర్తిగా అందుతుంది.

అంచు లోపల మన తీరపు గుడ్డ

ఈ చరిత్రలో మన వాటా కూడా ఉంది. 18వ శతాబ్దంలో నెదర్లాండ్స్ ఆడవాళ్లు పెట్టుకున్న వెడల్పాటి ఎండ టోపీలు కొన్ని మ్యూజియాల్లో భద్రంగా ఉన్నాయి. పైన సాదా గడ్డి, లోపల మాత్రం పూలూ లతలూ అచ్చొత్తినట్టుండే చీటీగుడ్డ అస్తరు. ఆ గుడ్డలకు పేరుపడిన చోటు కోరమాండల్ తీరం. డచ్చి కంపెనీ 17వ శతాబ్దం ఆరంభంలోనే మచిలీపట్నంలో దిగి ఈ వ్యాపారం చేసింది. పటిక ద్రావణం కలంతో గీసి, చిరివేరు రంగులో ఉడికించి తీసిన ఎరుపు ఎన్ని ఉతుకులకైనా దిగదు. ఆ రంగుకు ఐరోపా ఎంత మోజుపడిందంటే, తమ నేతగాళ్లు దెబ్బతింటున్నారని ఫ్రాన్సు 1686లోనే ఇలాంటి గుడ్డలను నిషేధించింది. ఇంగ్లండు కూడా ఆ బాటే పట్టింది. అలాంటి టోపీ నమూనా కుట్టాలనుకునేవారికి చేతితో వేసిన కలంకారీ కంటే తగిన అస్తరు దొరకదు.

పూల వెనక ప్రాణాలు

అలంకారం చివరి మెట్టు, అందులోనే మార్పుకు చోటు ఎక్కువ. నాడు బానెట్ చట్రం కొన్నేళ్లు నిలిచేది, పూలూ రిబ్బన్లూ కాలానికి తగ్గట్టు మారేవి. 1813లో వచ్చిన జేన్ ఆస్టిన్ నవల ప్రైడ్ అండ్ ప్రెజుడిస్‌లో లిడియా తనకే నచ్చని బానెట్ కొని, ఇంటికి వెళ్లి విప్పి మళ్లీ కుట్టుకుంటానంటుంది. ఆ మాటలో ఒక కాలపు ఇళ్లలోని అలవాటంతా ఉంది. అందుకే అనుభవజ్ఞులు పూలను వదులు టాకాలతోనే తగిలిస్తారు, జిగురు వాడరు.

అయితే ఆ పూలకు చేదు చరిత్ర ఉంది. 19వ శతాబ్దపు కృత్రిమ ఆకులకు మెరిసే పచ్చదనం ఇచ్చింది ఆర్సెనిక్ కలిసిన రంగు. 1861 నవంబరులో లండన్‌లో మటిల్డా షూరర్ అనే పందొమ్మిదేళ్ల అమ్మాయి, ఆకుల మీద ఆ పచ్చ పొడి చల్లే పనిలో ఉంటూ విషం ఎక్కి చనిపోయింది. ఇంగ్లండు అల్లిక పల్లెల పరిస్థితీ మెరుగ్గా లేదు. నాలుగేళ్ల పసివాళ్లను కూడా అల్లిక బడులకు పంపేవారు. పేరుకే అవి బడులు. ఇరుకు గదిలో పిల్లల చేత గజాల లెక్కన పని రాబట్టేవారు. 1867లో వచ్చిన చట్టం ఎనిమిదేళ్లలోపు పిల్లలను పనిలో పెట్టకూడదంది. ఆ శతాబ్దం చివరికి చైనా, జపాన్ల నుంచి చవక అల్లిక దిగడంతో ఆ పల్లెల బతుకుతెరువే పోయింది.

ఈ కథ తెలిసినవాళ్లు బానెట్‌ను ముద్దొచ్చే పాత వస్తువుగా మాత్రమే చూడలేరు. చూడకూడదు కూడా.

ఎందుకు మళ్లీ కుట్టాలి

సినిమా కోసమైతే యంత్రం మీద కుట్టి, జిగురు పెట్టి పని కానివ్వొచ్చు కదా అని అడిగేవారుంటారు. దూరపు షాట్‌కు అది సరిపోవచ్చు. కానీ సరైన చట్రంతో కుట్టిన 1840ల బానెట్ పెట్టుకున్న నటిని చూడండి. పక్కన ఎవరున్నారో కళ్లు తిప్పితే కనబడదు, తలంతా తిప్పాలి. చెవులు మూసుకుపోతాయి కనుక మాట వినడానికి కొంచెం ముందుకు వంగాలి. గడ్డం కింద ముడి తల దించనివ్వదు. ఏ దర్శకుడూ నేర్పకుండానే ఆ కాలపు స్త్రీ నడక, చూపు, నిలకడ ఆమె ఒంట్లోకి వస్తాయి. ఎవరినైనా ఓరకంట చూడటం కూడా ఆ రోజుల్లో ఎంత సాహసమో అర్థమవుతుంది. ఆ కాలపు శరీరం గురించి పుస్తకం చెప్పలేనిది ఒక అంచు చెబుతుంది.

రెండో కారణం నాకు ఇంకా ముఖ్యం. మ్యూజియాల్లో ఉన్న పాత బానెట్లు చాలావాటి మీద తొడుక్కున్నవారి పేరైనా ఉంటుందేమో గాని, కుట్టినవారి పేరు ఉండదు. వాళ్లలో చాలామంది ఉత్తరాలు గాని, ఆత్మకథలు గాని మిగల్చలేదు. మిగిలింది వాళ్ల కుట్టు. పట్టీని ఎక్కడ బిగించారు, తీగ అతుకు ఎటు దాచారు, ఏ పొర అదనంగా వేశారు అన్న నిర్ణయాలన్నీ అందులో ఉన్నాయి. ఆ నిర్ణయాలను మన చేత్తో మళ్లీ చేసి చూస్తేనే వాటి వెనక తెలివి తెలుస్తుంది. ఈ విద్యకు ఆధారమైన పనులు కూడా తరిగిపోతున్నాయి. బ్రిటన్‌లో హెరిటేజ్ క్రాఫ్ట్స్ సంస్థ ప్రకటించే ప్రమాదంలో ఉన్న చేతిపనుల జాబితాలో టోపీల చెక్క దిమ్మెలు చెక్కే పని చేరింది. దిమ్మె చెక్కే మనిషి లేకపోతే, కుట్టే మనిషి ఎంత నేర్చుకున్నా తొడగడానికి ఆకారం ఉండదు.

కాబట్టి బానెట్ కుట్టాలనుకునేవారికి చెప్పాల్సింది ఇది. ముందు కాలాన్ని పదేళ్ల మేరకు తేల్చుకోండి. ఆ పదేళ్ల జుట్టుముడి నేర్చుకోండి. చార్టు కాగితం మీద ఎన్నిసార్లయినా కోయండి. చట్రానికి ఇవ్వాల్సిన సమయం ఇచ్చాకే పూల జోలికి వెళ్లండి. లోపలి కుట్టును ఎవరూ చూడరని నిర్లక్ష్యం చేయకండి. నూటయాభై ఏళ్ల కిందటి పేరులేని మిలినర్ లోపలి కుట్టును శ్రద్ధగా వేసింది కాబట్టే ఆమె పనిని ఇవాళ మనం చదవగలుగుతున్నాం. మనం కుట్టినది కూడా రేపెవరైనా విప్పి చూస్తే, నేర్చుకోదగ్గదిగా ఉండాలి.